ముట్టుకుని నేర్చుకునే వయసు: మన వాడ పిల్లలకు ఇంట్లో చేసుకునే ఆటలు

పత్తి ఏరే రోజులు. ఒక మాదిగవాడలో కమ్యూనిటీ హాలు ముందు చాప పరిచి, పసిపిల్లలకు ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆటలు ఎలా తయారు చేయొచ్చో తల్లులకు చూపిస్తున్నాం. తాంబాళంలో తడి ఇసుక, పక్కన కొబ్బరి చిప్పలు, ఒక పాత గంప. కాసేపు నిలబడి చూసిన పెద్దమ్మ ఒకామె, "మా పిల్లలు మట్టిల పొర్లాడితే మురికోళ్లు అంటరు. పట్నం పిల్లలు పొర్లాడితే చదువు అంటరా బిడ్డా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం గానీ, జవాబు మాత్రం వెంటనే దొరకలేదు. ఆ రోజు చెప్పలేకపోయినదే ఇప్పుడు రాస్తున్నాం.

పట్టణాల్లో దీన్ని 'సెన్సరీ ప్లే' అంటున్నారు. తాకడం, చూడడం, వినడం, వాసన పట్టడం, రుచి చూడడం ద్వారా బిడ్డ లోకాన్ని తెలుసుకునే ఆట. రంగు రంగుల డబ్బాల్లో కిట్లు అమ్ముతున్నారు. వాటిలో ఉండేది చాలావరకు ఇసుక, గుడ్డ పేలికలు, చెక్క ముక్కలు, గింజలు. పేరు కొత్తది గానీ పని పాతదే. ఏడాది లోపు బిడ్డ చేతికందిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటుంది. అది చెడ్డ అలవాటు కాదు. ఆ వయసులో వేళ్లతో పాటు పెదాలు, నాలుక కూడా వస్తువును పరీక్షించే పనిముట్లే. గరుకు, నునుపు, చల్లన, వెచ్చన, బరువు, తేలిక అనే మాటలు రావడానికి ఎంతో ముందే ఆ తేడాలు ఒంటికి తెలుస్తాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది. బడి మొదలయ్యే వేళకే చాలా జరిగిపోయి ఉంటుందన్నమాట.

మన పిల్లల విషయంలో ఇక్కడే ఒక మెలిక ఉంది. ముట్టుకోవడమే చదువైన వయసులో, 'ముట్టుకోవద్దు' అనే మాట వాళ్లు అందరికంటే ఎక్కువగా వింటారు. కుండ ముట్టుకోవద్దు, గడప తొక్కొద్దు, ఆ అరుగు మీద కూర్చోవద్దు. అంబేద్కర్ తన చిన్నతనం గురించి రాసుకున్నది విద్యార్థి మిత్రులకు తెలిసిందే. బడిలో విడిగా కూర్చోవడానికి గోనెపట్ట ఇంటి నుంచి తెచ్చుకోవాలి. కుళాయి తాను తిప్పకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి, ప్యూను లేని రోజు దాహంతోనే ఉండాలి. వందేళ్ల కిందటి సంగతి అని తీసిపారేయలేం. మేము వెళ్లిన ఒక అంగన్‌వాడీలో బొమ్మల డబ్బా బీరువా పైన ఉంది. ఊరి పిల్లలు వచ్చినప్పుడు అది కిందికి దిగుతుందని, తమ పిల్లల చేయి పడితే "ఖరాబ్ చేస్తరు" అని మళ్లీ పైకి ఎక్కుతుందని వాడ తల్లులు చెప్పారు. అంటరానితనం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. మూడేళ్ల పిల్ల చేతివేళ్ల దగ్గర అది ఎలా మొదలవుతుందో మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం.

ఇప్పుడు డబ్బున్నవాళ్ల బడి గుర్తుగా మారిన మాంటిస్సోరి పద్ధతి పుట్టింది పేదల ఇళ్ల మధ్యనే. రోమ్ నగరంలో శాన్ లోరెంజో అనే కార్మిక బస్తీలో 1907 జనవరి 6న మరియా మాంటిస్సోరి 'పిల్లల ఇల్లు' తెరిచింది. తల్లిదండ్రులు కూలికి పోతే రోజంతా ఎవరూ చూడని పిల్లలు వాళ్లు. గరుకు కాగితం, చెక్క దిమ్మెలు, గుడ్డ ముక్కలు ఇచ్చి, చేతులతో తాకనిచ్చి ఆమె చదువు మొదలుపెట్టింది. 1939లో మద్రాసు వచ్చి అడయారులో పాఠాలు చెప్పింది. యుద్ధం వల్ల చాలా ఏళ్లు ఈ దేశంలోనే ఉండిపోయింది. అదే పేరుతో ఇవాళ మన పట్టణాల్లో నడిచే బడుల ఫీజు ఎంతో పాఠకులకు మేము చెప్పక్కర్లేదు. మహారాష్ట్ర తీరంలోని బోర్డి గ్రామంలో 1945లో తారాబాయి మోదక్ బాలవాడీ పెట్టింది. కేంద్రానికి రాలేని పేద పిల్లల కోసం వాళ్ల పేటల్లోకే, వాళ్ల ఇళ్ల ముంగిళ్లలోకే బడిని తీసుకెళ్లింది. 'అంగన్' అంటే ముంగిలి. అంగన్‌వాడీ అనే మాట వెనుక ఉన్నది ఈ ఆలోచనే: పిల్ల బడి దగ్గరికి రాలేకపోతే బడే ముంగిట్లోకి నడిచి రావాలి.

ఇంట్లో చేసిన బొమ్మలతో నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని అడిగే కార్యకర్తలకు జమైకా ముచ్చట చెబుతుంటాం. బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల వారసులే ఎక్కువగా ఉన్న దేశం అది. రాజధాని కింగ్‌స్టన్ పేద బస్తీల్లో 1980ల చివర్లో, వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పిల్లలను తీసుకుని, రెండేళ్ల పాటు ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి గంటసేపు గడిపేవాళ్లు. వెంట తీసుకెళ్లినవి పారేసిన డబ్బాలు, మూతలు, గుడ్డలతో చేసిన బొమ్మలు. తల్లితో కలిసి బిడ్డను ఆడించడం, తల్లికి నేర్పడం, అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ ఆటలు ఆడిన పిల్లల సంపాదన మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువ ఉందని 2014లో తేలింది. దాదాపు అదే పద్ధతిని తర్వాత ఒడిశాలో కటక్ బస్తీల్లో కూడా ప్రయత్నించారు. ఒక హెచ్చరిక: "ఆట చాలు, గుడ్లెందుకు, పాలెందుకు" అనే వాదనకు దీన్ని వాడుకునేవాళ్లు ఉంటారు. ఆకలితో ఉన్న బిడ్డ ఆడదు. గుడ్డు గుడ్డే, ఆట ఆటే, రెండూ హక్కే.

ఇక చేసే పనికి వద్దాం.

మూడు నెలల లోపు బిడ్డకు మనిషి ముఖాన్ని మించిన ఆటవస్తువు లేదు. అప్పుడు చూపు బాగా ఆనేది జానెడు, జానెడున్నర దూరం. పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం దాదాపు అంతే. ముదురు రంగు, లేత రంగు పక్కపక్కన ఉన్నవి ఇష్టంగా చూస్తారు. నల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డ పట్టీలు కుట్టి గోడకు కడితే చాలు. నూనె పెట్టి ఒళ్లు రుద్దడం మన అమ్మమ్మలు ఎప్పటి నుంచో చేస్తున్న స్పర్శ ఆట. అది మానొద్దు. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం మాత్రం మానాలి.

బిడ్డ కూర్చోగలిగిన నాటి నుంచి, అంటే ఆరేడు నెలల నుంచి, మేము అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది గంప ఆట. ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆంగ్ల విద్యావేత్త దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. వెడల్పుగా, పొట్టిగా ఉండి ఒరిగిపోని గంప కావాలి. అందులో ప్లాస్టిక్ బొమ్మలు ఉండవు. ఇంట్లోవే పది పన్నెండు వస్తువులు: చెక్క గరిటె, స్టీలు గ్లాసు, పీచు తీసి అంచులు నున్నగా అరగదీసిన కొబ్బరి చిప్ప, బీరకాయ పీచు, తోలు ముక్క, గోనె ముక్క, పట్టుచీర పేలిక, పాత జల్లెడ, అల్యూమినియం మూత, పెద్ద నిమ్మకాయ, చేతికి సరిపోయే నున్నటి గులకరాయి. గంపను బిడ్డ ముందు పెట్టి, మనం పక్కన కూర్చోవాలి. 'ఇది తీసుకో, అది తీసుకో' అని చెప్పకూడదు. ఇదే పెద్దవాళ్లకు కష్టం. బిడ్డ గ్లాసు తీస్తుంది, నాకుతుంది, మూతకేసి కొడుతుంది, చప్పుడుకు ఉలిక్కిపడి మన వైపు చూస్తుంది, మళ్లీ కొడుతుంది. తొమ్మిది నెలల పాప ఒకతి బీరకాయ పీచును చెంపకు రాసుకుని, గీరుకుంటే ముఖం చిట్లించి, మళ్లీ రాసుకోవడం చూశాం. పావుగంట ఇంకేదీ ముట్టలేదు. ఏ మాస్టారూ అంత శ్రద్ధను కూర్చోబెట్టి రప్పించలేరు.

గంపలోకి వెళ్లే ప్రతి వస్తువుకూ మూడు పరీక్షలు. బిడ్డ పిడికిలి కంటే చిన్నది ఉండకూడదు, ఎందుకంటే గొంతుకు అడ్డం పడుతుంది. జానెడు కంటే పొడవైన తాడు ఉండకూడదు, మెడకు చుట్టుకుంటుంది. గోరుతో గీకితే రంగు ఊడేది ఉండకూడదు, పాత పెయింట్లలో సీసం ఉంటుంది. చింతగింజలు, గురిగింజలు, పూసలు, గోలీలు, బటన్ సెల్లులు మూడేళ్ల లోపు పిల్లలకు అసలు వద్దు. గురిగింజ విషం కూడా. ప్లాస్టిక్ కవర్లు ఏ వయసులోనూ వద్దు. పత్తి, మిరప పండే ఊళ్లలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా ఆట డబ్బా కాదు. మూత బాగుందని, రంగు బాగుందని దాచుకునే ఇళ్లు మేము చూశాం. పగలగొట్టేయండి.

ఎంత జాగ్రత్త పడినా ఏదైనా అడ్డం పడి బిడ్డకు ఊపిరాడకపోతే, కనిపించని దాని కోసం వేలు పెట్టి కెలకొద్దు. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూ ఇంకొకరితో 108కి ఫోన్ చేయించాలి. దీన్ని చదివి వదిలేయకుండా గుడ్డబొమ్మ మీద చేసి చూసుకోండి.

ఇక బియ్యం సంగతి. ఇంటర్నెట్‌లో చూసే సెన్సరీ ఆటల్లో సగం తొట్టి నిండా బియ్యం, పప్పులు, సేమ్యా పోసి, రంగు కలిపి పిల్లలను దింపేవే. మొదట్లో మాలో ఒకరు అది చూసి పావు కిలో బియ్యం తాంబాళంలో పోశారు. ఒక తల్లి మాట్లాడకుండా కిందపడిన గింజలు ఏరడం మొదలుపెట్టింది. మనిషికి నెలకు ఐదు కిలోల రేషన్ లెక్కన బతికే ఇంట్లో బియ్యం ఆటవస్తువు కాదని మాకు అప్పుడు సిగ్గుతో అర్థమైంది. ఆ తర్వాత మళ్లీ చేయలేదు. వేళ్ల మధ్య నుంచి జారే అనుభవమే కావాలంటే ఇసుక ఉంది. వాగు ఇసుకను జల్లించి, రెండు మూడు నీళ్లు కడిగి, ఎండలో బాగా ఆరబెట్టండి. వాడనప్పుడు గోనెపట్ట కప్పి ఉంచకపోతే కుక్కలు, పిల్లులు పాడుచేస్తాయి. తినే వయసు పిల్లలకైతే ఇసుక బదులు రాగిపిండి గుప్పెడు చాలు. ముద్ద కలపనిచ్చి, తర్వాత దాన్నే సంకటి చేసేయొచ్చు, ఏమీ పారేయక్కర్లేదు. పచ్చి పిండి మాత్రం తిననివ్వొద్దు.

నీళ్ల ఆటకు రెండు గిన్నెలు, ఒక గ్లాసు, ఒక జల్లెడ, ఒక పాత గుడ్డ. ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు పోయడం, జల్లెడలో నిలవకపోవడం చూడడం, తడి గుడ్డ పిండడం. గుడ్డ పిండిన చేతికే రేపు పెన్సిల్ పట్టే బలం వస్తుంది. నీళ్లు బెత్తెడు లోతున్నా పసిబిడ్డ మునిగిపోతుంది కాబట్టి పక్కన మనిషి లేకుండా ఈ ఆట లేదు, అయిపోగానే గిన్నె బోర్లించాలి. ఆడేది అందరూ ఒకే గిన్నెలో. ఊరి పిల్లలు, వాడ పిల్లలు కలిసే కేంద్రంలో పనిచేసే మిత్రులు ఈ ఒక్క నియమం తప్పనిసరిగా పెట్టుకోండి. పెద్దవాళ్ల ముఖాలు ఎలా మారతాయో చూస్తే మన పని ఎక్కడుందో తెలుస్తుంది.

రెండేళ్లు దాటాక బంకమట్టి, రంగులు. మట్టి చెరువు గట్టు నుంచి తెచ్చుకోండి గానీ, చేల కాలువల పక్కది వద్దు, మందుల నీళ్లు దిగుతాయి. పసుపు కొమ్ము అరగదీసి, బీట్‌రూట్ తురిమి, పాలకూర నూరి, బొగ్గు పొడి చేసి రంగులు చేసుకోవచ్చు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని అందరికీ తెలుసు, కానీ సున్నం కంట్లో పడితే చూపు పోతుంది. పిల్లల దగ్గర దానికి చోటు లేదు. మట్టి ఆట తర్వాత సబ్బుతో చేతులు కడగడం ఆటలో భాగమే. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర ఏడాది దాటిన పిల్లలకు తప్పకుండా వేయించాలి.

వాసన దగ్గర మేము కొంచెం ఎక్కువసేపు ఆగుతాం. కరివేపాకు, మరువం, నిమ్మాకు, ఎండు అల్లం, వామాకు విడివిడిగా పలుచటి గుడ్డలో మూటకట్టి, ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పడం మూడు నాలుగేళ్ల పిల్లలకు బాగా నచ్చే ఆట. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, పసి ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ఒకచోట ఆ మూటల్లో తోలు ముక్కా, తంగేడు చెక్కా కూడా పెట్టాం. తంగేడు చెక్కతోనే మన పెద్దలు లందల్లో తోళ్లు ఊనారు. నాలుగేళ్ల పిల్లాడు వాసన చూసి "తాత" అన్నాడు. వాళ్ల తాత చెప్పులు కుట్టేవాడు. అక్కడే ఉన్న ఒక యువకుడు "ఛీ, అది తీసేయండి" అన్నాడు. ఆ కుర్రవాడిని తప్పుపట్టలేం, బడిలో ఆ వాసన పేరుతోనే అతన్ని ఏడిపించి ఉంటారు. ఏది మంచి వాసనో, ఏది కంపో కూడా కులమే నేర్పుతుంది. పిల్లాడికి ఇంకా ఆ పాఠం అందలేదు, వాడికి అది తాత. మేము ఆ మూటను తీయలేదు.

డప్పు విషయం కూడా ఇలాంటిదే. ఈదుమూడిలో 1994లో దండోరా మొదలైన తర్వాత డప్పు మనకు ఆత్మగౌరవ గుర్తు. అయినా దొరల చావులకు కొట్టించిన వెట్టి ఇంకా మరవని ఇళ్లున్నాయి. పిల్లల చేతికి ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. ఇచ్చేట్టయితే చెవి పక్కన పెద్ద డప్పు కొట్టొద్దు. పాత డబ్బాకు గుడ్డ బిగించి కట్టినా, బోర్లించిన గిన్నెల మీద చెక్క గరిటె వేసినా చాలు. పెద్దవాళ్లు ఒక దరువు వేసి ఆగాలి, పిల్ల జవాబుగా వేస్తుంది. వరస పట్టడం, ఆగడం, తన వంతు కోసం చూడడం అందులోనే వస్తాయి.

ఇవన్నీ చేయడానికి డబ్బు దాదాపు అక్కర్లేదు. కావాల్సింది ఖాళీగా ఉన్న ఒక మనిషి. తెల్లవారకముందే కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చే తల్లికి "రోజుకు గంట ఆడించమ్మా" అని చెప్పడం మాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ గంట చివరికి పడేది పదేళ్ల అక్క మీద. చెల్లెలి కోసం బడి మానే ఆడపిల్లలు ఇప్పటికే ఉన్నారు. మన గంప అందుకు ఇంకో కారణం కాకూడదు. అందుకే తల్లులకు విడిగా గంట అడగం. స్నానం చేయించేటప్పుడు నీళ్ల ఆట, వంట దగ్గర గరిటె, గిన్నె, పడుకునేటప్పుడు గుడ్డ పేలికలు. మిగతాది ప్రభుత్వం చేయాల్సిన పని.

అది దయ కాదు. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కొత్త అంగన్‌వాడీలు పెట్టేటప్పుడు ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే, మూడు నెలల్లోపు పెట్టాలి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, పని దగ్గరికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని దాని షెడ్యూల్లోనే రాశారు. ఎన్ని పని స్థలాల్లో ఆ మహిళ కనిపించిందో కూలికి పోయినవాళ్లే చెప్పాలి. కేంద్రం ఊర్లో ఉందా, వాడలో ఉందా అన్నది చిన్న విషయం కాదు. మధ్యాహ్న భోజనం, రేషన్ షాపుల మీద సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనం, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో, ఈ తేడా ఎంత పని చేస్తుందో చూపింది.

కాబట్టి విద్యార్థి మిత్రులు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. వాడలో ఇల్లిల్లూ తిరిగి ఆరేళ్ల లోపు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాయండి. అంగన్‌వాడీ ఎంత దూరంలో ఉందో, మధ్యలో రోడ్డో వాగో దాటాలో రాయండి. పిల్లలను అక్కడ ఎలా కూర్చోబెడుతున్నారో, బొమ్మలు చేతికిస్తున్నారో లేదో తల్లుల మాటల్లోనే రాయండి. కేంద్రం లేకపోతే తల్లుల సంతకాలతో, వేలిముద్రలతో సీడీపీఓకు అర్జీ ఇచ్చి, కలెక్టరుకు ప్రతి పంపి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ తేదీ నుంచే మూడు నెలల లెక్క.

ఈలోగా గంప ఎవరింట్లో ఉండాలో వాడ ఆడవాళ్లే తేల్చుకుంటారు. వారానికోసారి స్టీలు, చెక్క వస్తువులు వేడినీళ్లతో కడిగి, గుడ్డలు ఉతికి ఎండేయాలి. కొబ్బరి చిప్ప అంచు పగిలిందేమో చూసి, పగిలితే కొత్తది పెట్టాలి.